మనకు కనిపించని పోగు
(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వార్షికోత్సవం అంటే చేసిన పనులు చెప్పుకోవడం అలవాటు. ఈసారి చూడలేకపోయినది ఒకటి చెబుతాం. అది ఒక్కరి తప్పు కాదు, కార్యవర్గం అంతటిదీ. అందుకే 'మేము' అంటున్నాం.

మగ్గం ముందు కూర్చున్నవాడి కన్ను నాడె మీద ఉంటుంది. నేసిన బట్ట చుట్టుకుపోతూ ఉంటుంది. ఎక్కడో పోగు తెగినా ఒక్కోసారి అతనికి తెలియదు. మడత విప్పినవాళ్ళకే ఆ గీత కనబడుతుంది. నాయకత్వమూ అంతే. 1955లో జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగం అనే ఇద్దరు అమెరికన్లు నాలుగు గళ్ళ కిటికీ బొమ్మ ఒకటి గీశారు. ఇద్దరి పేర్లూ కలిపి దాన్ని జోహరి కిటికీ అంటారు. అందులో ఒక గడి ఇదే: ఎదుటివాళ్ళకు కనబడేది, మనకు కనబడనిది.

మా గడి ఎక్కడుందంటే, మేమిచ్చే విద్యార్థి వేతనం ఫారంలోనే ఉంది. 'తండ్రి వృత్తి' అని అడిగేవాళ్ళం. ఖాళీగా ఉంటే అసంపూర్ణమని పక్కన పెట్టేవాళ్ళం. ఒక అమ్మాయి దరఖాస్తు వరుసగా రెండేళ్ళు అలాగే పోయింది. మూడో ఏడు రాలేదు. ఎందుకు రాలేదని మేమూ అడగలేదు.

నారళీ పున్నమి నాడు మార్కండేయ రథం వెంట నడుస్తుంటే ఆ పిల్ల తల్లి మమ్మల్ని ఆపింది. "మా ఆయన పోయి నాలుగేండ్లాయె అన్నా. ఆ గడిల ఏం రాయాలె? బీడీలు చేసి పిల్లను సాకుతున్న. నా పనికి మీ కాయితంల జాగ లేదు. ఇప్పుడు పిల్ల గూడ నాతోని ఆకు కత్తిరిస్తున్నది."

మా దగ్గర జవాబు లేదు. సోలాపూర్ అంటే చద్దర్, టవల్ అని గొప్పగా చెప్పుకుంటాం. మగ్గాలు ఆగిన రోజుల్లో పొయ్యి వెలిగించింది బీడీల చేట అని మనలో ఎవరికి తెలియదు? తెలిసీ చూడలేదు. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షల పైచిలుకు నేత, అనుబంధ పనివారిలో 70 శాతానికి పైగా స్త్రీలే. మా కార్యవర్గంలో అప్పటికి ఒక్క స్త్రీ లేదు. "పిలిచినా రారు" అనేవాళ్ళం. మేం పిలిచింది రాత్రి ఎనిమిదింటికి, సరిగ్గా వంట వేళకు!

ఆ తర్వాత నాలుగు పనులు చేశాం. ఫారంలో 'ఇల్లు నడిపేవారి పని' అని మార్చాం. ఏ దరఖాస్తునైనా తిప్పి పంపే ముందు ఒకరు ఆ ఇంటికి వెళ్ళి రావాలన్నాం. మీటింగు ఆదివారం మధ్యాహ్నానికి జరిపి, ఇద్దరు అక్కలను కార్యవర్గంలోకి తీసుకున్నాం. అధ్యక్షుడు అందరికన్నా చివర మాట్లాడాలని నియమం పెట్టుకున్నాం. ఎందుకంటే ఆయన ముందే అభిప్రాయం చెప్పేస్తే మిగతావాళ్ళం తల ఊపడమే కదా!

మొదట్లో కష్టంగానే ఉండింది. కొత్తగా వచ్చిన అక్క మొదటి మీటింగులోనే లెక్కల్లో తప్పు చూపిస్తే మా మొహాలు మాడిపోయాయి. తప్పు నిజమే మరి.

ఆ అమ్మాయిని మళ్ళీ కాలేజీలో చేర్చాం. పోయిన రెండేళ్ళు మాత్రం తిరిగి ఇవ్వలేకపోయాం.

మీ ఊరి సంఘాల పెద్దలకు ఒక్కటే మనవి. రేపు ఇంటికి వెళ్ళగానే, సంఘానికి రావడం మానేసిన ఒకరి తలుపు తట్టండి. ఎందుకు మానేశారో అడగండి. వాళ్ళు చెప్పేదాకా మధ్యలో మాట్లాడకండి.

జై మార్కండేయ!