ఐదో పిలగాడు



క్రాస్‌కంట్రీ పరుగుకు ట్రాక్ అక్కర లేదు. గడ్డి, మట్టి, ఎత్తుపల్లాలు ఉంటే చాలు. మన ముస్తాబాద్ దిక్కు చెరువు కట్టలు, పొలాల బాటలు అందుకు పనికొస్తయి. అమెరికాలో ఈ పందెం లెక్క ఇట్లుంటది: జట్టుకు ఏడుగురు ఉరుకుతరు, ముందొచ్చిన ఐదుగురి స్థానాలు కూడుతరు, తక్కువ వచ్చిన జట్టు గెలుస్తది. ఒకటి నుంచి ఐదు దాకా ఒక్క జట్టోళ్లే వస్తే 15. మొనగాడు ఫస్ట్ వచ్చినా, ఐదోవాడు నూరో స్థానంలో వస్తే ఆ జట్టు మునిగినట్టే.

స్కూలు జట్టు గొప్పదా, కాలేజీ జట్టు గొప్పదా అని నన్ను అడుగుతుంటరు. టైమ్‌లు పక్కపక్కన పెడితే తేలేది కాదది. అమెరికాలో స్కూలు పిలగాండ్లకు 5 కిలోమీటర్లు, కాలేజీ మగపిల్లలకు జాతీయ పందెంలో 10. మన దేశంలోనూ అండర్-18 బాలురకు 6, అండర్-20కి 8, సీనియర్లకు 10. ఎముక ఇంకా పెరుగుతున్న వయసు కాబట్టే ఆ మెట్లు. పదిహేనేండ్ల పిల్లతోని పెద్దల దూరం ఉరికిస్తే ఆ సంవత్సరం మెడల్ రావచ్చు, మరుసటేడు కాలు పోతది.

మరి తేడా ఎక్కడుంది? కాలిఫోర్నియాలో న్యూబరీ పార్క్ అని ఒక హైస్కూలు ఉంది. 2021లో దాని క్రాస్‌కంట్రీ జట్టు మొదటి నలుగురిలో ఇద్దరు సాల్‌మన్ అన్నదమ్ములు, ఇద్దరు యంగ్ కవలలు. కలిసి పెరిగిన పోరలు. ఆ కవలల అన్న నికో యంగ్ అదే స్కూల్లో చదివి, నార్తర్న్ అరిజోనా యూనివర్సిటీకి పోయిండు.  2022 కాలేజీల జాతీయ పందెంలో ఆ యూనివర్సిటీకి, ఓక్లహామా స్టేట్‌కు సమానంగా 83 పాయింట్లు వచ్చినయి. అప్పుడేం చేసిండ్రు? మొదటోనికి మొదటోడు, రెండోవానికి రెండోవాడు, అట్లా ఐదు జతలు పోల్చి చూసిండ్రు. మూడు జతల్ల ముందున్న నార్తర్న్ అరిజోనా గెలిచింది. నికో యంగ్ ఆ రోజు సెకండ్ వచ్చిండు, కానీ ట్రోఫీ వెనకాల ఉరికినోళ్ల కాళ్ల మీద కూడా నిలబడ్డది.

స్కూలు జట్టు ఊర్ల మొలుస్తది, కాలేజీ జట్టును నలుదిక్కుల నుంచి ఏరుకొస్తరు. నాకు మొలిచిన జట్టంటేనే పాణం. అయితే మొలిచినదాన్ని తీస్కపోయి నాటే చోటు ఉండాలె. కర్ణాటకలో మూడబిదిరె ఆళ్వాస్ సంస్థలు క్రీడాకారులను దత్తత తీస్కొని చదివిస్తయి. మన సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన అగసర నందిని 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టథ్లాన్ కాంస్యం తెచ్చింది. ఆ గురుకులాలకు డిగ్రీ కాలేజీలు కూడా ఉన్నయి.

అయినా మన దగ్గర పోగు ఇంటర్‌లో తెగుతది. సిరిసిల్లలో సాంచా (మరమగ్గం) మీద పోగు తెగితే నడిపేటాయన ఆపి ముడేస్తడు. పదో తరగతి దాకా ఉరికిన పిల్ల ఇంటర్ హాస్టల్‌కు పోతే ఆపి ముడేసేటోళ్లు లేరు. మళ్ల ఆ పిల్ల బూట్లు తొడిగేది పోలీసు నోటిఫికేషన్ పడ్డప్పుడే. పోరలకైతే అగ్నివీర్ ర్యాలీ: ఐదున్నర నిమిషాల్లో 1.6 కిలోమీటర్లు ఉరికితే పూర్తి 60 మార్కులు. ఆ టైమ్ కోసం చీకట్ల లేచి రోడ్ల మీద ఉరికే పోరలు ప్రతి ఊర్ల ఉన్నరు. ఉద్యోగం వచ్చినా రాకపోయినా తెల్లారి ఉరుకుడు బంద్. ఇది నన్ను నిద్రపోనియ్యది.

పీఈటీ సార్లూ, మేడమ్‌లూ, నేను అడిగేది ఒక్కటే. ఆదివారాలు ఇంటికొచ్చే ఇంటర్, డిగ్రీ పిల్లలను మీ స్కూలు పిల్లలతోని కలిపి ఉరికించండి. వాళ్ల దూరం వాళ్లది, వీళ్ల దూరం వీళ్లది, బాట మాత్రం ఒక్కటే. ఫస్ట్ వచ్చినోళ్ల పేరు ఎట్లనూ రాస్తరు. ఐదో పిల్లది, ఐదో పిలగానిది టైమ్ కూడా నోట్‌బుక్కుల రాయండి. సంక్రాంతికి మళ్ల వస్త, ముందు ఆ పేజీలే చూస్త.