చప్టా మీద నీళ్ళు
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి మాట్లాడవలసినవారు నా తరువాత ఉన్నారు. మీ ధ్యాస అటే ఉందని తెలుసు. కనుక రోడ్డు భద్రత అని నాకిచ్చిన పెద్ద విషయంలో ఒక్క ముక్కే చెబుతాను.

మనలో కొందరి పిల్లలు అమెరికాలో ఉన్నారు. అక్కడ రోడ్డు కంటే వంతెన ముందు గడ్డకడుతుందని హెచ్చరిక బోర్డులు పెడతారు. రోడ్డు కింద నేల వెచ్చదనం కొంత ఉంటుంది. వంతెనకు పైనా కిందా చలిగాలే. ఆ మంచు పొర కంటికి తడి రోడ్డులాగే కనబడుతుంది. 2021 ఫిబ్రవరి 11న టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో, మంచు పట్టిన రోడ్డు మీద 130కి పైగా వాహనాలు గుద్దుకుని ఆరుగురు చనిపోయారు.

మనకు మంచు లేదు, చప్టాలున్నాయి. అక్కడా ఇంతే, అప్పటిదాకా రోడ్డు బాగానే ఉంటుంది.

2024 ఆగస్టు 31న గుంటూరు పక్కనే, పెదకాకాని మండలం ఉప్పలపాడు దగ్గర వరద నీటిలో కారు కొట్టుకుపోయి ఒక ఉపాధ్యాయుడు, ఇద్దరు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. బడి నుంచి ఇంటికి వస్తున్నవారు. ఎక్కడో కొండల్లో కాదండీ, మనం రోజూ తిరిగే చోట.

పారే నీరు అడుగు లోతుంటే చాలు, చిన్న కారు తేలిపోవచ్చు. రెండడుగులుంటే చాలా వాహనాలు ఆగవు. చక్రాలకు పట్టు పోయాక స్టీరింగు ఎటు తిప్పినా ఒకటే. పైగా ఎర్రనీళ్ళ కింద చప్టా ఉందో, కోసుకుపోయిందో ఎవరికి కనబడుతుంది? నీరు తీశాక కూడా పాచి, రేగడి బురద ఉంటాయి. స్కూటరు మీద వెళ్ళే మనబోటి వారికి అది సబ్బు రాసిన గచ్చే.

“ఇక్కడ వాన లేదు గదా” అంటారు. గుండ్లకమ్మ పుట్టింది నల్లమలలో. అక్కడ కురిస్తే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీరు దిగుతుంది. “ముందు బస్సు పోయింది గదా” అనేవారూ ఉన్నారు. బస్సు బరువెంత, మన కారు బరువెంత?

కారు నీటిలో చిక్కితే తలుపు తోస్తూ కూర్చోవద్దు, బయటి నీటి ఒత్తిడికి రాదు. బెల్టు విప్పి, కరెంటు అద్దాలు పనిచేస్తుండగానే దించి, కిటికీలోంచి బయటపడాలి.

అసలు చిక్కు మన ఇళ్ళలోనే ఉందని నా అభిప్రాయం. “చీకటి పడేలోపు వచ్చెయ్యరా, అమ్మ అన్నం తినకుండా కూర్చుంది” అని ఫోను చేసేది మనమే. వాగు పొంగిన రాత్రి ఆ ఫోనే చేసి, “ఆ ఊళ్ళోనే ఎవరింట్లోనైనా పడుకో, పొద్దున రా” అనగలిగితే వాడు సిగ్గుపడకుండా ఆగుతాడు. తండ్రి ఆగమన్నాక పిరికివాడన్న మాట రాదు గదా.

చప్టాలకు రెండు వైపులా లోతు కొలత గీసిన రాళ్ళు, రాత్రి మెరిసే గుర్తులు పెట్టాలని కలెక్టరు గారికి వినతిపత్రం రాశాను. మీ ఊరి చప్టా పేరు అందులో లేకపోతే చేర్చి సంతకం చేయండి. కాగితం కార్యదర్శి గారి బల్ల మీద ఉంది. ఇక డి.ఏ. సంగతి వినండి.