రక్షణగృహమును స్త్రీస్వాతంత్ర్యమును



నేను ముప్పదియేండ్లు బడిపంతులుగా నుండి విశ్రాంతి గైకొన్నవాడను. నేటి విషయము రచ్చబండమీద నెవ్వరును ఎత్తనిది. అయినను మన గ్రామములకు దీనితో సంబంధము లేదనుకొనుట పొరపాటు.

స్త్రీలను మోసపుచ్చి కొనిపోయి అమ్ముట ఘోరపాతకము. మన రాజ్యాంగము 23వ అధికరణమున మనుష్యవిక్రయమును నిషేధించినది. 1956లో వ్యభిచార వ్యాపారమును అరికట్టుటకు ప్రత్యేక చట్టము వచ్చెను. 1986లో సవరింపబడి నేటికిని అమలునందున్నది. అమ్మినవానిని, వేశ్యాగృహము నడుపువానిని దండించుట న్యాయమే. అయితే ఆ వలలో ఆ స్త్రీయే చిక్కుకొనుటయు కలదు. 8వ సెక్షను చూడుడు. బహిరంగస్థలమున విటుని పిలిచిన స్త్రీకి మొదటి తప్పునకే ఆరు మాసములవరకు ఖైదు. ఆ నేరమే పురుషుడు చేసినచో మూడు మాసములకు మించదు. ఈ లెక్క యెవరు వేసిరో! ఆమె సంపాదనపై తెలిసి బ్రదుకువారు పదునెనిమిదేండ్లు దాటినవారైనచో నేరస్థులని 4వ సెక్షను చెప్పుచున్నది. ముసలితల్లికైనను అందు మినహాయింపు లేదు.

17వ సెక్షను మరింత కష్టమైనది. పోలీసులు విడిపించి తెచ్చిన స్త్రీని మేజిస్ట్రేటు ఏడాదికి తక్కువ కాకుండ, మూడేండ్లకు మించకుండ రక్షణగృహమున నుంచవచ్చును. ఆమె మాట వినవలెనని యున్నదిగాని, ఆమె సమ్మతి కావలెనని లేదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమందలి గణికాధ్యక్ష ప్రకరణమున, ఇష్టములేని గణికను నిర్బంధించినవానికి వేయి పణముల దండన విధించినాడు. ఆమెకు ఇష్టమనునది యొకటి గలదని యా ప్రాచీనుడెరుగును. సుప్రీంకోర్టు 2022 మే 19న, ఇట్టి గృహములను పరిశీలించి, అనిష్టముగా నుంచబడిన వయోజన స్త్రీల విడుదల విషయము నిర్ణయింపవలెనని రాష్ట్రములకు ఉత్తరువిచ్చినది. పోలీసులు వారిని తిట్టరాదు, కొట్టరాదనియు ఆదేశించినది.

ఇక మన వంతు. ఉత్తరువునకు ముందు మేజిస్ట్రేటు ఆమె యింటి పరిస్థితులను విచారింపించును. ప్రొబేషను అధికారి గ్రామమునకు వచ్చినచో అడుగునది పెద్దలనే.

పదునైదేండ్ల క్రిందట మా యూరికి అట్లే వచ్చెను. ఆమె యిరువదియారేండ్లది; తమ్ముడు నా శిష్యుడు. అక్కను తీసికొనిపోయెదనని అతడు చేతులు జోడించి నిలిచెను. పెద్దలు, ఊరికి అప్రతిష్ఠ యనిరి. నేను ఆ యరుగుమీదనే కూర్చుండియుంటిని. తర్కమును వ్యాకరణమును చదివిన నోరు, ఆనాడొక్క మాట పలుకలేదు. అధికారి విన్నది వ్రాసికొనిపోయెను. రెండేండ్లు నిర్బంధము. ఆమె బిడ్డ మేనమామ యింట నడకలు నేర్చెను.

విడుదలయైన దినమున ఆమె తమ్ముని అడిగిన ప్రశ్న యొక్కటే: ఆనాడు అరుగుమీద నెవరెవరుండిరని. అతడు నా పేరుకూడ చెప్పినాడట.