పేగు పంపే కబురు



రైల్వే రోగులకే జీవితమంతా ఇచ్చేసిన ఒక డాక్టరు గారి పేరున బిలాస్‌పూర్‌లో జరిగే సభ ఇది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్‌ఆర్) రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడే వేళ్లూనుకున్న తెలుగు ఇళ్లు మనవి. రాత్రి డ్యూటీలు, వేళ తప్పిన అన్నం, నడివయసు రాకముందే ఒళ్లు, దాని వెనకే షుగరు. ఈ వరస మనలో తెలియనివారు లేరు. బరువు తగ్గే ఆపరేషన్ మాట ఇప్పుడు మన ఇళ్లలోనూ వినిపిస్తోంది. అది ఒంట్లోని హార్మోన్లను ఎలా మారుస్తుందో, ఆ సంగతి వైద్యులకు ఎంత ఆలస్యంగా తెలిసిందో ఇవాళ చెబుతాను.

పొట్ట కోసి కొవ్వు తీసేస్తారని చాలామంది అనుకుంటారు. అది లైపోసక్షన్, వేరే సంగతి. 2004లో అమెరికాలో శామ్యూల్ క్లైన్ బృందం 15 మంది స్త్రీలకు లైపోసక్షన్‌తో ఒక్కొక్కరి ఒంట్లోంచి సుమారు పది కిలోల కొవ్వు తీయించి, కొన్ని వారాల తర్వాత పరీక్షించింది. ఇన్సులిన్ పనితీరులో మార్పేమీ కనబడలేదు. బరువు తగ్గే ఆపరేషన్‌లో కొవ్వును ముట్టుకోనే ముట్టుకోరు. పొట్టను చిన్నది చేస్తారు, కొన్ని రకాల్లో పేగు దారి కూడా మళ్లిస్తారు. అయినా చాలామందికి బరువు తగ్గకముందే, రోజుల్లోనే షుగరు దిగుతుంది. ఎందుకు?

జవాబు మొదలు 1902లో, లండన్‌లో ఉంది. బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కుక్క చిన్నపేగులో ఒక ముక్కకు నరాల సంబంధం తెంచి, అందులో ఆమ్లం పోశారు. నరం లేకపోయినా క్లోమం రసం వదిలింది. అంటే కబురు రక్తంలో వెళ్లింది. ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. హార్మోన్ల శాస్త్రం పుట్టిందే పేగు దగ్గర. 1921లో ఇన్సులిన్ దొరికాక లోకం చూపంతా క్లోమం మీదికి పోయింది. 1964లో మళ్లీ ఒక సంగతి తేలింది: గ్లూకోజు నరానికి ఎక్కిస్తే వచ్చే ఇన్సులిన్ కంటే, నోటితో తాగిస్తే వచ్చేది ఎక్కువ. పేగు ముందే చెబుతోందన్నమాట.

శస్త్రవైద్యులు మాత్రం తమ దారిన తాము నడిచారు. పుండు వల్ల పొట్టలో కొంత భాగం తీయించుకున్న రోగులు సన్నబడటం గమనించి, అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ 1966లో పొట్టను చిన్నది చేసి పేగు దారి మళ్లించే గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టారు. పొట్ట చిన్నదైతే తిండి తగ్గుతుందన్నదే అప్పటి లెక్క. 1995లో శస్త్రవైద్యుడు వాల్టర్ పోరీస్ బైపాస్ చేసిన తన రోగుల వివరాలు ప్రచురించారు. ఆపరేషన్‌కు ముందు షుగర్ ఉన్న 146 మందిలో 121 మందికి అది మామూలు స్థాయికి వచ్చి నిలిచింది. ఇలా అవుతుందని ఎవరనుకున్నారు అన్న అర్థం వచ్చే మాటను ఆయన ఆ వ్యాసానికి శీర్షికగా పెట్టారు. ఆ ఆశ్చర్యం నిజమైనది.

బైపాస్ తర్వాత అన్నం చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలాన్ని తప్పించుకుని, చిన్నపేగు కింది భాగానికి త్వరగా చేరుతుంది. అక్కడి కణాలు జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లను భోజనం తర్వాత మునుపటికి ఎన్నో రెట్లు వదులుతాయి. మొదటిది క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తుంది. ఇక చాలని మెదడుకు చెప్పడం రెండింటి పనీ. ఆకలి పుట్టించే గ్రెలిన్ పొట్ట పైభాగంలో తయారవుతుంది. దాన్ని 1999లో జపాన్‌లో కనిపెట్టారు. పొట్టను సన్నని గొట్టంలా మిగిల్చే స్లీవ్ ఆపరేషన్‌లో ఆ భాగాన్నే కోసి తీసేస్తారు గనక గ్రెలిన్ పడిపోతుంది. 2002లో డేవిడ్ కమింగ్స్ బృందం చూపిన సంగతి నన్ను బాగా కదిలించింది. పథ్యం చేసి 17 శాతం బరువు తగ్గినవారిలో గ్రెలిన్ 24 శాతం పెరిగింది. అంటే నోరు కట్టుకున్న మనిషి మీద ఒళ్లే తిరగబడుతోంది. లావుగా ఉన్నవాళ్లను తిండిపోతులని, మనసు గట్టిది కాదని మన పెళ్లిళ్లలో, పేరంటాల్లో అంటూనే ఉంటాం. ఆ మాటలు దయచేసి మానండి.

ఈ కథలో హైదరాబాద్‌కూ చోటుంది. పేగు చివరి ముక్కను పైకి తెచ్చి అతికిస్తే హార్మోన్ ముందే వస్తుంది కదా అని 1999లో మేసనే రాశారు. బ్రెజిల్‌లో ఔరియో డి పౌలా దాన్ని మనుషుల్లో చేసి చూపారు. హైదరాబాద్‌లో డాక్టర్ సురేంద్ర ఉగలే దాన్ని స్లీవ్‌తో కలిపి షుగర్ రోగులకు చేశారు. ఆ ఫలితాలు 2012లో ప్రచురితమయ్యాయి. పేగును మూడుచోట్ల అతకాల్సిన కష్టమైన పని అది. అందరికీ చేసే ఆపరేషన్ కాలేదు. కానీ హార్మోన్‌నే గురిపెట్టి కత్తి పట్టిన ఆ ఆలోచనను నేను గౌరవిస్తాను.

ఈ ఆపరేషన్లకు మరో వైపు కూడా ఉంది. దారి మళ్లిన పేగు విటమిన్లను, ఐరన్‌ను సరిగా పీల్చుకోదు. ఐరన్, బి12, ఫోలిక్ యాసిడ్ జీవితాంతం చూసుకోవాలి. ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1945లో కృత్రిమంగా తయారుచేసిన అమెరికా మందుల కంపెనీ లెడర్లే బృందానికి నాయకుడు, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. పేగును తినేసే స్ప్రూ జబ్బుతో అన్నదమ్ములను పోగొట్టుకున్న మనిషి ఆయన.

షుగరు శాశ్వతంగా పోతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 150 మందితో మొదలైన పరిశోధన ఐదేళ్లు సాగింది. చివరికి మూడు నెలల షుగర్ పరీక్ష (హెచ్‌బీఏ1సీ) 6 శాతం లేదా అంతకు తక్కువకు చేరినవారు బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో 23 శాతం, ఒట్టి మందులతో 5 శాతం. తేడా పెద్దదే, కానీ నూటికి నూరు కాదు.

ఆడపిల్లల తల్లులకు ఒక మాట. అండాశయాల సమస్య అయిన పీసీఓఎస్‌తో నెలసరి తప్పినవారికి ఈ ఆపరేషన్ తర్వాత అది మళ్లీ గాడిన పడవచ్చు, గర్భం తొందరగా రావచ్చు. ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోమని వైద్యులు చెబుతారు. అది ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇక రైళ్లు నడిపే రన్నింగ్ స్టాఫ్‌కు ఒక మాట. బైపాస్ అయినవారిలో కొందరికి, తీపి గాని అన్నం గాని ఎక్కువగా తిన్న గంట నుంచి మూడు గంటల్లోపు ఇన్సులిన్ పొంగి షుగరు బాగా పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు మసకబారడం. ఆపరేషన్ అయిన ఏడాది తర్వాత కూడా ఇది మొదలు కావచ్చు. లోకో పైలట్‌గా ఉన్నవారు ఆపరేషన్ సంగతి రైల్వే డాక్టరుకు దాచకుండా చెప్పి, ఆయన సరేనన్నాకే ఇంజనెక్కాలి.