కడుపులో బిడ్డ కదలిక తగ్గితే తెల్లవారేదాకా ఆగవద్దు

(సంఘ వార్షికోత్సవం సందర్భంగా జరిగిన మహిళా సభలో చేసిన ప్రసంగ పాఠం)



“తల్లీబిడ్డల ఆరోగ్యం” గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. అది సముద్రమంత విషయం. నాకిచ్చినది అరగంట. అందులో పది నిమిషాలు మైకు సరిచేసుకోవటానికే పోయింది. కనుక ఒకే ఒక్క సంగతి చెప్పి కూర్చుంటాను. అది కూడా నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను.

1986లో నేను ఒక చిన్న పట్నంలో కొత్తగా ప్రాక్టీసు పెట్టుకున్నాను. ఆ సంవత్సరం రంజాన్ నడివేసవిలో వచ్చింది. ఒకనాడు అసర్ వేళప్పుడు ఒక కుర్రవాడు సైకిలు మీద వచ్చాడు. “డాక్టరమ్మా, మా అక్కకు ఎనిమిది నెలలు నిండాయి. పొద్దుటినుండి కడుపులో బిడ్డ సరిగా కదలటం లేదంట. రోజా ఉంది. ఏం చెయ్యమంటారు?” అన్నాడు. నా ముందు ఇరవై మంది రోగులున్నారు. “రోజా వల్ల నీరసించి ఉంటుంది బాబూ. ఇఫ్తార్ కాగానే పాలు, ఖర్జూరం తీసుకుని పడుకోమను. రేపు పొద్దున తీసుకురా” అన్నాను. పొద్దున తీసుకువచ్చారు. చెక్క గొట్టం పొట్ట మీద పెట్టి ఎంతసేపు విన్నా బిడ్డ గుండె చప్పుడు నాకు వినపడలేదు.

రోజా వల్లనే ఆ బిడ్డ పోయిందని నేను అనను. పుట్టిన తరువాత చూస్తే నెలలకు తగిన బరువే లేదు. చాలా రోజులుగా మాయ నుండి చాలినంత ఆహారం అందలేదన్నమాట. ఆ సాయంత్రమే పిలిపించి చూసి ఉంటే బ్రతికేదా అంటే, అది అల్లాకే తెలియాలి. కాని చూడకుండా పంపింది నేను. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. “నేనే రాత్రి వచ్చి ఉంటే బాగుండేదేమో” అని తనను తానే నిందించుకున్నది. ఆమె చేయవలసిన పని ఆమె చేసింది. కబురు పంపింది.

సరే, విషయంలోకి వస్తాను. తొలిచూలు ఆడపిల్లకు 18, 20 వారాల మధ్య కదలిక తెలుస్తుంది. మలిచూలుకు 16 వారాలకే తెలియవచ్చును. మొదట్లో పొట్టలో చేపపిల్ల తిరిగినట్లుంటుంది. మాయ ముందు వైపున అంటుకుని ఉంటే కొన్నాళ్ళు తక్కువగా తెలియవచ్చు. 24 వారాలు నిండినా ఏమీ తెలియకపోతే మాత్రం చూపించుకోవాలి. అక్కడినుండి 32 వారాల వరకు కదలికలు పెరుగుతాయి. తరువాత ఇంచుమించు అదే స్థాయిలో నిలబడతాయి. నిలబడతాయన్నాను, తగ్గుతాయనలేదు, గమనించండి. “నెలలు నిండాక చోటు చాలదు, అందుకే కదలదు” అనే మాట మన ఇళ్ళలో నానమ్మలే కాదు, చదువుకున్నవాళ్ళు కూడా అంటారు. ఒకప్పుడు మేమూ అన్నాము. అది తప్పు. తన్నటం కాస్త మారి దొర్లినట్లు, ఒత్తినట్లు ఉండవచ్చును గాని కదలిక అనేది నొప్పులు వచ్చేదాకా, వచ్చిన తరువాత కూడా ఉండవలసిందే.

బిడ్డకు నిద్ర ఉంటుంది. ఇరవై నుండి నలభై నిమిషాలు ఉంటుంది, గంటన్నర దాటటం అరుదు. అందుచేత “పొద్దుటినుండి నిద్రపోతున్నాడు” అని ఎవరైనా అంటే నమ్మవద్దు.

ఎందుకు తగ్గుతుందో కూడా చెబుతాను. జీతం తగ్గిన ఇంట్లో ముందు ఏం మానుకుంటారు? పండుగ బట్టలు, సినిమాలు. బియ్యం మానుకోరు గదా. కడుపులో బిడ్డా అంతే. మాయ నుండి ప్రాణవాయువు చాలనప్పుడు ఉన్నదాన్ని గుండెకు, మెదడుకు దాచుకుని కాళ్ళూ చేతులూ ఆడించటం మానుకుంటుంది. తల్లికి రక్తపోటు ఉన్నా, షుగరు ఉన్నా, బిడ్డ ఎదుగుదల తగ్గినా, రోజులు దాటిపోయినా ఈ ప్రమాదం పెరుగుతుంది. కడుపులో బిడ్డ పోయిన తల్లులను అడిగితే సుమారు సగం మంది, అంతకు ముందే కదలిక తగ్గినట్లు తమకు తెలిసిందని చెబుతారు.

2021లో ప్రపంచమంతటా 28 వారాలు దాటి, ప్రాణం లేకుండా పుట్టిన బిడ్డలు సుమారు 19 లక్షలు. అందులో నూటికి నలభైకి పైగా ప్రసవ సమయంలోనే పోయినవారు. అది ఆసుపత్రుల సంగతి, మరొక సభకు సరిపోయే విషయం.

“ఎన్నిసార్లు కదలాలి డాక్టరమ్మా?” అని అందరూ అడుగుతారు. 1976లో కార్డిఫ్ నగరంలో పియర్సన్, వీవర్ అనేవారు కదలికలు పది అయ్యేదాకా లెక్కపెట్టి కాగితం మీద గుర్తు పెట్టే పద్ధతి తెచ్చారు. చాలా దేశాలకు పాకింది. నేనూ కాగితాలు అచ్చు వేయించి పంచాను. తరువాత 1989లో సుమారు 68 వేల మంది గర్భిణుల మీద పరీక్షించి చూస్తే, అందరిచేతా లెక్క పెట్టించినంత మాత్రాన మరణాలు తగ్గలేదని తేలింది. బ్రిటన్, ఐర్లండులలో నాలుగు లక్షలకు పైగా గర్భాల మీద చేసి 2018లో ప్రకటించిన పరిశోధనలో, తల్లులకు కదలికల గురించి చెప్పి, ఆసుపత్రులకు ఒక పద్ధతి ఏర్పరచినా, చెప్పుకోదగినంత తగ్గుదల కనపడలేదు. ఆపరేషన్లు మాత్రం కొంచెం పెరిగాయి. ఇది మీ దగ్గర దాచటం న్యాయం కాదు. లెక్క కాగితం తాయెత్తు కాదమ్మా. కాని తగ్గిందని తెలిసిన తరువాత కూడా ఇంట్లో కూర్చోమని ఆ పరిశోధనలేవీ చెప్పలేదు.

కాబట్టి అంకె వద్దు. మీ బిడ్డ అలవాటు మీరు తెలుసుకోండి. ఒకరి బిడ్డ ఇషా తరువాత ఎగురుతుంది, ఒకరిది తిన్న తరువాత. ఆ అలవాటు తప్పితే, అదే గుర్తు. అనుమానంగా ఉంటే పని పక్కన పెట్టి ఎడమ వైపుకు తిరిగి పడుకుని, ధ్యాస పొట్ట మీదే ఉంచండి. రెండు గంటలలో పది కదలికలు తెలియకపోతే బయలుదేరండి. అనుమానం కాదు, తగ్గిందని రూఢిగా తెలుస్తుంటే ఆ రెండు గంటలు కూడా వద్దు. చల్లని నీళ్ళు, బెల్లం పానకం, పొట్ట మీద చెయ్యి పెట్టి చూసే పెద్దమ్మ, ఇవేవీ పరీక్ష కాదు. ఈ మధ్య ఇంట్లో పెట్టుకుని గుండె చప్పుడు వినే యంత్రాలు అమ్ముతున్నారు. తల్లి రక్తనాళం చప్పుడు విని బిడ్డదే అనుకుని నిశ్చింతగా పడుకునే ప్రమాదముంది. కొనవద్దు.

రోజాలో ఉండగా తగ్గితే రోజా విరమించి రండి. ఇఫ్తార్ దాకా ఆగవద్దు. గర్భిణికి ఉన్న సడలింపు గురించి, తరువాత ఖజా చేసుకోవటం గురించి మౌల్వీ సాహెబులు నాకంటే బాగా చెప్పగలరు.

ఆసుపత్రిలో గుండె చప్పుడు వినాలి. ఏడు నెలలు దాటితే ఇరవై నిమిషాలు గుండె గ్రాఫు తీయాలి, రక్తపోటు, మూత్రం చూడాలి, పొట్ట కొలవాలి, అవసరమైతే స్కానింగు. ఇవి చేయకుండా “ఏం లేదు, పొమ్మ”ంటే, “ఒక్కసారి విని పంపండమ్మా” అని అక్కడే నిలబడండి. నాలాంటి వాళ్ళకు ఆ మాట అవసరమే.

అలా వచ్చినవారిలో నూటికి డెబ్భై మందికి ఏ ఇబ్బందీ ఉండదు. అందుకని రెండవసారి రావటానికి సిగ్గుపడతారు. నా దగ్గరకు ఒక అమ్మాయి మూడుసార్లు వచ్చింది. మూడవసారి “మళ్ళీ వచ్చాను, ఏమీ అనుకోకండి” అంటూనే వచ్చింది. ఆ రోజు గ్రాఫు బాగాలేదు. గంటలో ఆపరేషను చేశాము. బిడ్డ 1,900 గ్రాములు. ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది.

మగవారికి ఒక మాట. కోడలిని ఆసుపత్రికి తీసుకుపోవటానికి దుబాయి నుండి ఫోను రావాలని ఎదురుచూడవద్దు. ఆటో దొరకకపోతే 2005 నుండి మనకు 108 ఉంది. 2011 నుండి ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు చికిత్స ఉచితం. ఏడవ నెల నుండే చీటీలు, స్కానింగు కాగితాలు ఒక సంచిలో తలుపు దగ్గర పెట్టుకోండి. ఆ నెలల్లో పక్కకు తిరిగి పడుకోవటం మేలు. మెలకువలో వెల్లకిలా ఉంటే కంగారు పడక పక్కకు తిరగండి, చాలు.

బిడ్డ పోయిన ఇంట్లో తల్లికి చూపించకుండానే తీసుకుపోయి ఖననం చేస్తారు, ఆమె మంచికే అనుకుని. ఒకసారి ఆమెను అడగండి. చూస్తానంటే చూడనివ్వండి.

ఎవరో సోదరి చీటీ పంపారు: “రాత్రి రెండు గంటలకు తగ్గితే మిమ్మల్ని లేపవచ్చునా?” లేపండమ్మా. నేను పదవీ విరమణ చేశాను గాని ఫోను తీస్తాను. తీసి చెప్పేది మాత్రం ఒకటే, ఆసుపత్రికి బయలుదేరమని. కనుక ముందు బయలుదేరి, దారిలో చేయండి.

సెలవు.