విశ్రాంత ఉద్యోగులకు విశ్రాంతి ఎంతవరకు?

(తెనాలిలో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. రేపల్లె తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి, బాపట్లలో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాణ్ణి. ముప్పై ఆరేళ్ళు కుర్చీలో కూర్చుని ఫైళ్ళు రాశాను. అందుకేనేమో, కదలిక గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్నే పట్టుకున్నారు.

ఆరేళ్ళ క్రితం నాకు గుండెపోటు వచ్చింది. స్టెంటు వేశారు. ఇంటికి పంపేటప్పుడు సంచెడు మాత్రలు ఇచ్చారుగాని, ఎంత నడవాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో ఒక్కరూ చెప్పలేదు. ఇంట్లోవాళ్ళు హడలిపోయారు. మంచినీళ్ళకు లేచినా మా కోడలు "మామయ్యగారూ, మీరు కూర్చోండి, నేను తెస్తాను" అనేది. ఆ ప్రేమను తప్పుపట్టలేను. కాని పది నెలలు పడకకుర్చీకి అంటుకుపోయేసరికి తొడల్లో సత్తువ పోయింది. ఓ రోజు రేపల్లె వెళదామని తెనాలి స్టేషనుకు వస్తే, వంతెన మెట్లు సగం ఎక్కి కూలబడ్డాను. డాక్టరుగారు పరీక్షచేసి "మీ గుండె పనిచేస్తోంది, కాళ్ళే రిటైరయ్యాయి" అన్నారు.

అప్పుడు ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి చేతిలో పడ్డాను. మొదటి వారం గేటుదాకా రెండుసార్లు నడక. చెయ్యి ఆనకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేవడం. "నడుస్తూ మాట్లాడగలగాలి తాతగారూ, మాట తెగిపోతే ఆగండి" అనేది. నాలుగు నెలలకు కాలవగట్టు మీద అరగంట నడిచాను.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1953లోనే జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండన్ రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించారు. రోజంతా కూర్చునే డ్రైవర్లకంటే, మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. ఉత్తరాలు పంచే పోస్టుమన్లకూ తక్కువే. ఎవరికంటే అనుకున్నారు? అదే శాఖలో కుర్చీలకు అతుక్కున్న గుమాస్తాలకంటే! మోరిస్‌గారు 2009లో తన 99వ ఏట పోయారు.

జబ్బు వచ్చాక సంగతేమిటి? మన దేశంలో 24 ఆసుపత్రుల్లో, గుండెపోటు వచ్చిన 3,959 మందితో ఒక పరిశోధన జరిగింది. కొందరికి మూడు నెలలపాటు యోగాతో కూడిన శిక్షణ ఇచ్చారు. 2020లో ఫలితాలు వచ్చాయి. మళ్ళీ గుండెపోటు రావడం, మరణాలు గణనీయంగా తగ్గాయని తేలలేదు. కాని శిక్షణ పొందినవారు తమ ఆరోగ్యం మెరుగైందన్నారు, పూర్వపు పనుల్లోకి ఎక్కువగా తిరిగి వెళ్ళగలిగారు. నామటుకు నాకు అదీ గొప్పే. ఎన్నేళ్ళు బతుకుతాం అన్నది పైవాడి లెక్క. కూరగాయల సంచీ మనమే తెచ్చుకోవడం మన లెక్క.

ఇక్కడొక మాట నిజాయితీగా చెప్పాలి. బాపట్లలో నా మిత్రుడికి పక్షవాతం వచ్చింది. ఆయన భార్యే చేతులు కాళ్ళు ఆడించి, లేపి, నడిపించేది. ఏడాది తిరిగేసరికి ఆవిడ నడుము పట్టేసింది. కుటుంబ సభ్యులకు శిక్షణ ఇచ్చి వాళ్ళచేతే చేయిస్తే ఎలా ఉంటుందని మన దేశంలో 14 ఆసుపత్రుల్లో 1,250 మంది పక్షవాత రోగులతో పరీక్షించారు. 2017లో ప్రచురించారు. ఆరు నెలల తరువాత చూస్తే, శిక్షణ ఉన్నా లేకున్నా, చనిపోయినవారు, ఒకరి మీద ఆధారపడినవారు కలిసి రెండు వర్గాల్లోనూ నూటికి 47 మంది. వ్యాయామం దండగని దీనర్థం కాదు. భారమంతా ఇల్లాలి నెత్తిన పెట్టి చేతులు దులుపుకుంటే చాలదని నాకు తోచింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో దీర్ఘవ్యాధులున్నవారికి కూడా చేతనైతే వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓమాదిరి శ్రమ, పెద్దవారికైతే తూలిపడకుండా వారానికి మూడు రోజులు నిలకడ, బలం పెంచే వ్యాయామాలు సూచించింది. అంత చేయలేనివారు చేయగలిగినంత చేయమంది. ముందు మీ డాక్టరును అడగండి. ఛాతీలో నొప్పి వస్తే ఆగిపోండి. షుగరుకు మందు వాడేవారు జేబులో రెండు చాక్లెట్లు ఉంచుకోండి, ఇంటికొచ్చాక పాదాలు చూసుకోండి.

కరువు భత్యం బకాయిలకు ఎన్ని వినతిపత్రాలు రాశామో లెక్కలేదు. ఈ మూడు ఊళ్ళ ప్రభుత్వాసుపత్రుల్లో పక్షవాతం, గుండెజబ్బు రోగులకు ఫిజియోథెరపీ ఏయే రోజుల్లో దొరుకుతుందో అడుగుతూ ఇంకొకటి రాద్దాం. చిత్తుప్రతి నేను రాసుకొచ్చాను, కార్యదర్శిగారికి ఇస్తున్నాను. నెలకో ఆదివారం సంఘం గదికి ఒక ఫిజియోథెరపిస్టును పిలిపించే ఖర్చుకు నా వంతు ఇప్పుడే చెల్లిస్తాను.

రేపల్లె బండికి వెళ్ళేవారితో నేనూ స్టేషనుదాకా వస్తాను. వంతెన మెట్లు మెల్లగా ఎక్కుదాం.