దొంగ బండ్ల పునర్జన్మ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



గ్రంథాలయమున చేరిన ప్రతి పుస్తకమునకును గ్రంథపాలకుడు ముఖపత్రముపై ముద్ర వేయును. అంతటితో ఊరకుండడు. నడుమ ఏదో ఒక పుటను ఎన్నుకొని, అన్ని పుస్తకములలోను అదే పుటయందు ఆ పుస్తకపు చేరిక సంఖ్యను చిన్నగా వ్రాసి యుంచును. దీనిని రహస్య పుట యందురు. పుస్తకమును అపహరించినవాడు ముఖపత్రమును చింపివేయగలడు. అట్ట మార్చి కొత్త బైండు చేయించగలడు. ఆ లోపలి పుట సంగతి మాత్రము వానికి తెలియదు. గ్రంథాలయ సభలో మోటారు బండ్ల దొంగతనమును గూర్చి ప్రసంగమేమని కొందరికి వింతగా తోచవచ్చును. బండి దొంగలను పట్టించునది కూడ పెక్కుసార్లు అట్టి రహస్య పుటయే.

ప్రతి బండికిని ముఖ్యముగా మూడు గుర్తులుండును. మొదటిది అందరికిని కానవచ్చు నంబరు పలక. పూర్వము దానిని మార్చుట రెండు మరమేకులు త్రిప్పినంత పని. 2019 ఏప్రిల్ 1 నుండి కొత్త బండ్లకు విరుగగొట్టినగాని ఊడని తాళముతోను, లేజరుతో చెక్కిన సంఖ్యతోను కూడిన పలకలను తప్పనిసరి చేసిరి. రెండవది ఇంజను నంబరు. మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది, ఛాసిస్ నంబరు. ఇందు అక్షరములు, అంకెలు కలిసి మొత్తము 17. ఒకటి, సున్నలతో పొరబడుదురను భయముచే ఆంగ్లాక్షరములలో ఐ, ఓ, క్యూ అను మూడింటిని ఇందు వాడరు. మోటారు సైకిలునకు ఇది హాండిలు క్రింది మెడ గొట్టముపైనను, కార్లకు ఇంజను వెనుక రేకుపైననో సీటు క్రిందనో లోహములోనికి దిగునట్లు కొట్టబడి యుండును. పలక పోయినను బండి పేరు పోదు. ఈ సంఖ్య మారినచో బండి మరియొక బండియే అగును.

ఇట్లు మార్చి అమ్ముటకు ఆస్ట్రేలియా పోలీసులు ‘పునర్జన్మ’ అను అర్థము వచ్చు మాటను వాడుదురు. అచ్చటి న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రము 2006లో ఆ మాటను చట్టములోనికే ఎక్కించి, ముఠాగా ఏర్పడి ఈ పని నడపువారికి 14 ఏండ్ల వరకు చెర విధించినది. పేరు ఆ దేశపుదైనను పని ఈ దేశమునకును కొత్త కాదు.

ఆ పని నడచు విధమిది. ఒక కారు లారీని గుద్దుకొని నుజ్జయినదనుకొందము. బాగుచేయించుటకగు ఖర్చు బీమా పత్రములో కట్టిన విలువలో 75 శాతమును మించినచో, దానిని పూర్తి నష్టముగా లెక్కించి కంపెనీ యజమానికి సొమ్ము చెల్లించును. మిగిలిన ఇనుపముద్ద వేలమునకు పోవును. విడిభాగములకై కొనువాడు వాని విలువను మించి ఒక్క రూపాయి పెట్టడు. అయినను ఒక్కొక్కసారి ఎవడో ఒకడు అంతకు ఎన్నో రెట్లు పాడును. వాడు ఇనుమును కొనుట లేదు. రిజిస్ట్రేషను పత్రమును, ఛాసిస్ నంబరును కొనుచున్నాడు. పిదప అదే కంపెనీ, అదే నమూనా, అదే రంగు గల కారు ఎక్కడనో ఒక ఇంటి ముందు రాత్రివేళ మాయమగును. నుజ్జయిన కారునుండి సంఖ్య గల రేకు ముక్కను కోసి దొంగ కారునకు అతుకుదురు. లేదా ఉన్న సంఖ్యను అరగదీసి కొత్త సంఖ్యను కొట్టుదురు. దొంగిలించిన కారు ఇక లోకములో లేదు. నుజ్జయిన కారు మాత్రము లేచి నడచుచున్నది.

ఇందలి కపటమంతయు కాగితము నిజమైనదగుటలో నున్నది. దొంగ పత్రమైనచో రవాణా కార్యాలయపు గుమాస్తా పట్టుకొనునేమో. ఈ పత్రము ప్రభుత్వమే జారీ చేసినది.

దీనికి మూలమున నొక లోపము కలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 55వ సెక్షను ప్రకారము బండి నాశనమైనచో యజమాని 14 దినములలోగాని, వీలైనంత త్వరగా గాని, రిజిస్ట్రేషను అధికారికి తెలిపి పత్రమును పంపివేయవలెను. అట్లు రద్దయిన పత్రమునకు వేలములో ఎవడును వెల కట్టడు. కాని బీమా సొమ్ము చేతికి వచ్చిన యజమాని మరల ఆ కార్యాలయపు మెట్లెక్కుట అరుదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు కార్లు, మోటారు సైకిళ్లు వేలకొలది నీట మునిగినవి. అట్టి ఉపద్రవము వచ్చిన ప్రతి చోటను పూర్తి నష్టముగా తేలిన బండి పత్రము రద్దగుట ఎంత అవసరమో వేరుగ చెప్ప నక్కరలేదు. న్యూ సౌత్ వేల్స్ వారు 2011 జనవరి చివర నుండి, కొద్ది మినహాయింపులు తప్ప, పూర్తి నష్టముగా వ్రాయబడిన చిన్న బండ్లను మరల రిజిస్టరు చేయుటయే మానివేసిరి. శవపేటికకు మేకు కొట్టినగాని ఈ పునర్జన్మ ఆగదని వారు గ్రహించిరి.

దొంగతనము లేకయే కాగితముపై బండి మరల పుట్టుటయు కలదు. కాలుష్య నియమములను బట్టి 2017 ఏప్రిల్ 1 నుండి అమ్మరాదని సుప్రీంకోర్టు నిషేధించిన పాత తరగతి లారీలను తుక్కు క్రింద కొని, నాగాలాండులో కొత్త తరగతివిగా రిజిస్టరు చేయించి, అనంతపురము ప్రాంతమునకు తెచ్చిరను ఆరోపణపై 2020లో కేసులు నమోదైనవి. తుక్కు క్రింద పోయినది తిరిగి రహదారి కెక్కుటయే ఇందును అందును సమానము.

ఇక పోలీసువారి దర్యాప్తు. దొంగను పట్టుకొన్నంత మాత్రమున ముఠా పట్టుబడదు. తాళము విప్పువానికి బండిని ఏ ఊరిలో ఎవనికి అప్పగించవలెనో అంతవరకే తెలియును. కోసి అతుకువానికి కొన్నవాడెవడో తెలియదు. దళారికి దొంగ ముఖమే తెలియదు. అపాయమెక్కువగా మోయువానికే లాభము తక్కువ. ఇది ఈ వ్యాపారపు విచిత్రము. అందుచే అనుభవము గల దర్యాప్తు అధికారి దొంగతనమునుండి గాక, శవమునుండి బయలుదేరును. బీమా కంపెనీలు వేలమున అమ్మిన బండ్ల జాబితాను తీసికొని, వానిలో ఏవి తరువాత చేతులు మారి రోడ్డుపై తిరుగుచున్నవో రవాణా శాఖ లెక్కలతో సరిచూచును. బీమా సర్వేయరు తీసిన ఛాయాచిత్రములో పైకప్పు నేలకంటిన కారు, టోలు గేటు దాటుచు ఫాస్టాగులో లెక్కకెక్కినదనగా ఆ కారును ఆపి చూడవలసినదే.

ఆపిన తరువాత రహస్య పుటను వెదకుదురు. ఫలానా ఛాసిస్ నంబరు గల బండిలో ఫలానా ఇంజనును బిగించితిమని కర్మాగారపు లెక్కలలో ఉండును. నేటి కార్లలో ఇంజనును నడపు ఎలక్ట్రానిక్ పెట్టె యొకటి కలదు. పెక్కు కార్లలో అసలు ఛాసిస్ నంబరు దానిలోను నిక్షిప్తమై యుండును. రేకును కోసినవాడు దానిని మరచుట కద్దు.

సంఖ్యను అరగదీసినచో ఫోరెన్సిక్ ప్రయోగశాల పని మొదలగును. ఉక్కుపై అచ్చుతో బలముగా కొట్టినపుడు అక్షరపు గుంట క్రింద కూడ లోహపు స్ఫటికములు నలిగి, కొంత లోతువరకు వాని అమరిక చెదరును. కంటికి కనబడు గుంటను ఆకురాయితో అరగదీసినను ఆ నలిగిన పొర లోపల మిగిలి యుండును. శాస్త్రజ్ఞుడు అచ్చటి రంగును తొలగించి, సన్నని గరుకు కాగితముతో అద్దమువలె నునుపు చేసి, క్యూప్రిక్ క్లోరైడు, హైడ్రోక్లోరిక్ ఆమ్లము గల ఫ్రై ద్రావకమును దూదితో అద్దుచు తుడుచును. నలిగిన లోహము నలగని లోహముకంటె భిన్నముగా కరగుటచే, అరగంటయో అంతకు మించియో ఓపిక పట్టినచో, పోయిన అంకెలు ఒక్కొక్కటిగా నీడలవలె పైకి తేలును. అవి ఎక్కువసేపు నిలువకపోవచ్చును. వెంటనే ఛాయాచిత్రము తీయవలెను. అల్యూమినియమునకు వేరు ద్రావకములు కలవు. మరీ లోతుగా అరగదీసినను, వెల్డింగు వేడి తగిలినను ఆ జాడయు పోవును. అప్పుడు అతుకు గీతయే సాక్ష్యము.

శిక్షల సంగతి క్లుప్తముగా. పాత శిక్షాస్మృతిలో సామాన్య దొంగతనమునకు గరిష్ఠ శిక్ష 3 ఏండ్లు. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 111వ సెక్షను వ్యవస్థీకృత నేరములలో వాహనముల దొంగతనమును పేరుపెట్టి చేర్చినది. కనీస శిక్ష 5 ఏండ్లు, యావజ్జీవము వరకు విధింపవచ్చును. అయితే గడచిన పదేండ్లలో ఒకటికి మించిన అభియోగ పత్రములు కోర్టునకెక్కి యుండవలెను.

ఇంతలో ఆ కారును కొన్నవాని గతి యేమి? అతడు పొలము మీద వచ్చిన పైకమునకు బ్యాంకు అప్పు చేర్చి, పత్రము చూచి, కార్యాలయములో పేరు మార్పించుకొని న్యాయముగనే కొనెను. అయినను 1930 నాటి సరకుల విక్రయ చట్టము 27వ సెక్షను ప్రకారము, అమ్మినవానికి లేని హక్కు కొన్నవానికి సాధారణముగ రాదు. కారు అసలు యజమానికిగాని, అతనికి సొమ్ము చెల్లించిన బీమా కంపెనీకిగాని చెందును. స్టేషను ఆవరణలో బండ్లు ఏండ్ల తరబడి తుప్పుపట్టరాదనియు, ఛాయాచిత్రములు, పూచీకత్తు తీసికొని త్వరగా అప్పగింపవలెననియు సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయి అంబాలాల్ దేశాయి కేసులో చెప్పినది. ఆ మేలు కూడ ఇతనికి గాదు. అమ్మినవానిపై దావా వేయవచ్చును. వాడు దొరకవలెను గదా! బ్యాంకు వాయిదా మాత్రము నెల తప్పక వచ్చును.

కనుక పాత బండి కొనువారు పత్రమును మాత్రమే చూడరాదు. జాతీయ నేర రికార్డుల సంస్థ నడపు వాహన్ సమన్వయ్‌లో ఆ బండి దొంగిలింపబడినదిగా నమోదైనదేమో చూడవలెను. అంతకు ముందు, రవాణా కార్యాలయములలో ఎప్పటినుండియో వాడుకలో నున్న చిన్న ఉపాయము కలదు. ఛాసిస్ నంబరుపై పలుచని కాగితము పరచి పెన్సిలుతో రుద్దవలెను. కాగితముపై దిగిన 17 గుర్తులను పత్రముతో సరిచూచి, అంకెలు ఒకే వరుసలో ఒకే లోతున ఉన్నవో లేదో, చుట్టు రేకుపై అతుకుగాని కొత్త రంగుగాని కలదో లేదో పగటి వెలుగులో చూడవలెను. అమ్మువాడు అందుకు పావుగంట వ్యవధి యీయనిచో, బయానా ఇచ్చుట మానవలెను.